ఉమ్మడి ఫ్రిజ్‌లో బూజు: డబ్బా మీద తేదీ లేకపోవడమే అసలు జబ్బు

ఆఫీసు వంటగదిలోనో, హాస్టల్‌లోనో, నలుగురు కలిసి అద్దెకుండే ఇంట్లోనో ఫ్రిజ్ తలుపు తీసి, ముందు వరసలోని సీసాల్ని పక్కకు జరిపితే వెనక గోడకు ఆనుకుని ఒక డబ్బా కనబడుతుంది. మూత లోపలివైపు నిండా నీటి బొట్లు. లోపల ఉన్నది అన్నమో పాస్తానో మసకమసకగా తెలుస్తుంది. దాని మీద దూది పరిచినట్టు తెల్లటి నూగు, ఆ నూగు మధ్యలో నీలం కలిసిన ఆకుపచ్చ మచ్చ. ఎవరిదో తెలియదు, ఎప్పటిదో తెలియదు. చూసినవాళ్లు సీసాల్ని మళ్లీ ముందుకు జరిపి తలుపు వేసేస్తారు. మర్నాడు ఇంకొకరు సరిగ్గా అదే పని చేస్తారు. డబ్బా అక్కడే ఉంటుంది.

దీన్ని బద్ధకస్తుల సమస్యగా చూసినంతకాలం పరిష్కారం దొరకదు. అదే మనుషులు సొంతింటి ఫ్రిజ్‌ను చక్కగానే చూసుకుంటారు. ఇంట్లో ఏ గిన్నె ఎప్పటిదో వండినవారికి గుర్తుంటుంది, తీసి పారేసే అధికారమూ వారికే ఉంటుంది. ఉమ్మడి ఫ్రిజ్‌లో ఈ రెండూ విడిపోతాయి. డబ్బా పెట్టినవారికి తేదీ తెలుసు గానీ డబ్బా కంటపడదు. కంటపడినవారికి తేదీ తెలియదు, పారేయవచ్చో లేదో అంతకన్నా తెలియదు. ఎవరిది, ఎప్పుడు వండారు, ఎప్పటికి తీసేయాలి అన్న మూడు సంగతులు డబ్బా మీద రాసి ఉంటే చాలావరకు ఏ డబ్బా బూజు పట్టేదాకా ఆగదు. అసలు అంతదాకా ఎందుకు ఆగనివ్వకూడదో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి.

చలిలోనూ పెరిగేవి

బూజు సిద్ధబీజాలు, అంటే అది వ్యాపించడానికి వదిలే విత్తనాల్లాంటి కణాలు, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన కొలవాల్సినంత చిన్నవి కాబట్టి కంటికి ఆనవు. వంట వేడికి పదార్థంలో ఉన్న బూజు దాదాపుగా చచ్చిపోతుంది. మళ్లీ చేరేది ఆ తర్వాతే. చల్లారడానికి మూత తీసి ఉంచినప్పుడు, ఎంగిలి చెంచాను డబ్బాలో ముంచినప్పుడు, సరిగా కడగని మూత గాడిలోంచి, ఫ్రిజ్ అర మీది పాత మరకలోంచి వచ్చి పడుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో ఫ్యాన్ గాలిని అన్ని అరలకూ తిప్పుతుంది. ఒక మూల మూత వదులైన డబ్బాలో బూజు ముదిరితే, ఆ సిద్ధబీజాలకు మిగతా అరల మీదికి చేరే దారి సులువు.

ఫ్రిజ్ చలి బూజును చంపదు, నెమ్మదింపజేస్తుందంతే. ఆ నెమ్మది కూడా అన్ని రకాలకూ ఒకేలా ఉండదు. బయట పెట్టిన బ్రెడ్ మీద వచ్చే నల్లటి రైజోపస్ ఈ చలికి దాదాపుగా నిలిచిపోతుంది. గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే ఆస్పర్‌జిల్లస్ కూడా ఇక్కడ పెద్దగా పెరగలేదు. పెనిసిలియం, క్లాడోస్పోరియం, పండ్ల మీద బూడిదరంగు నూగు తెచ్చే బొట్రైటిస్ సంగతి వేరు. ఇవి సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటాయి. ఫ్రిజ్‌లో కనిపించే బూజు ఎక్కువగా నీలి ఆకుపచ్చగానో, బూడిదరంగులోనో, నలుపు తిరిగిన ఆకుపచ్చగానో ఉండటానికి కారణం ఇదే. పెనిసిలియం పేరు వినగానే మందు గుర్తొచ్చి ఇది హాని చేయదనుకునేవారున్నారు. అది పెద్ద పొరపాటు. ఆ కుటుంబంలో వందల జాతులున్నాయి. వాటిలో పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ అనేది కుళ్లిన ఆపిల్‌లో పాట్యులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది.

రంగును బట్టి బూజు వయసు పోల్చుకోవచ్చు. తెల్లటి నూగుగా ఉన్నప్పుడు అది పదార్థం లోపలికి సన్నటి తంతువులు దింపి తింటూ విస్తరిస్తోంది. ఆకుపచ్చ, నీలం, నలుపు తేలాయంటే కొత్త సిద్ధబీజాలు సిద్ధమయ్యాయన్నమాట. ఈ దశలో మూత తీసినా, డబ్బాను కుదిపినా అవి పొడిలా పైకి లేస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం ఇక్కడ చేయగలిగిన పనులన్నింట్లోకీ చెడ్డది. ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి అది వెంటనే ఆయాసం తెప్పించవచ్చు.

మూత లోపలి నీటి బొట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. వేడివేడి పదార్థాన్ని డబ్బాలోకి తీసి వెంటనే మూత బిగిస్తే ఆవిరి పైకి లేచి, మూతకు తగిలి, నీరై మళ్లీ పదార్థం మీదే రాలుతుంది. బొట్టు పడిన చోట పైపొర పలచబడుతుంది. అక్కడ ఉప్పు తగ్గుతుంది, పులుపు తగ్గుతుంది, తడి పెరుగుతుంది. తొలి మచ్చ తరచూ ఆ చోటే కనబడుతుంది. పెద్ద డబ్బా అడుగున రెండు గరిటెలు మిగిల్చి పెట్టడం కూడా ఇలాంటి పొరపాటే. పదార్థానికీ మూతకూ మధ్య గాలి ఎక్కువ ఉంటుంది, బూజుకు ఆ గాలి కావాలి. మిగిలినదాన్ని సరిపడా చిన్న డబ్బాలోకి మార్చడం మంచిది.

పుల్లటి పదార్థాల మీద బూజు త్వరగా రావడం చూసి ఆశ్చర్యపోతుంటారు. ఆహారాన్ని పాడుచేసే బ్యాక్టీరియాలో చాలావాటికి పులుపు పడదు, బూజుకు పడుతుంది. పెరుగులో, టమాటా సాస్‌లో పోటీదారులు లేని మైదానం దానికి దొరికినట్టే. అంతటితో ఆగకుండా అది ఆ ఆమ్లాన్నే తినేస్తుంది. బూజు చుట్టూ పులుపు తగ్గిన చోట, అంతవరకు లోపలికి రాలేకపోయిన బ్యాక్టీరియా కాలు పెడుతుంది. సాస్ సీసాలో పైన తేలిన బూజును చెంచాతో తీసేసి కిందది వాడుకోకూడదనడానికి ఇదొక్క కారణం చాలు.

బూజు వచ్చేసరికే ఆలస్యం

ఉమ్మడి ఫ్రిజ్ విషయంలో ఎక్కువమంది తప్పుపడేది ఇక్కడే. బూజు లేదు, వాసన లేదు, కాబట్టి బాగుందనుకుంటారు. పదార్థాన్ని పాడుచేసేవి వేరు, మనిషిని జబ్బుపడేసేవి వేరు. మొదటి రకం వాసన, జిగట, నురగ, రంగు తెస్తుంది. రెండో రకం తరచూ ఏ గుర్తూ ఇవ్వదు. వండిన పదార్థం మీద బూజు కంటికి కనబడటానికి ఫ్రిజ్‌లో మామూలుగా వారం, అంతకు మించి పడుతుంది. ప్రమాదం అంతకు ఎన్నో రోజుల ముందే మొదలై ఉండొచ్చు. బూజును చూసి పారేద్దామని ఆగేవారు ఆఖరున వచ్చే గుర్తు కోసం కాచుకుని ఉన్నట్టు.

అన్నాన్నే తీసుకోండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు సహజంగా ఉంటాయి, ఉడికినా చావవు. వండిన అన్నం గంటలకొద్దీ బయటే ఉండిపోతే అవి మొలకెత్తి, పెరిగి, సీరియులైడ్ అనే విషాన్ని వదులుతాయి. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు చేయించే విషమిది. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 నిమిషాలు ఉంచినా విరగదు. అంటే మైక్రోవేవ్‌లో పొగలు కక్కేదాకా వేడి చేసినా పోదు. ‘బాగా వేడి చేశాను కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. చేతుల నుంచి ఆహారంలోకి చేరే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా చేసే విషం కూడా ఇలా వేడికి లొంగనిదే. ఈ రెండింటికీ మందు ఒకటే, పదార్థం బయట ఉండే సమయాన్ని తగ్గించడం.

ఆహార భద్రతలో దీనికి స్థిరపడిన లెక్క ఉంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. వండిన పదార్థం ఆ మధ్యలో 2 గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. పెద్ద ఎత్తున వండే వంటశాలలు పాటించే లెక్క ఇంకా కచ్చితం. 57 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో 4 గంటల్లో దింపాలి. మొదటి 2 గంటల మీద అంత పట్టుదల ఎందుకంటే ఆ మెట్టులోనే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ లాంటివి ఊహించనంత వేగంగా రెట్టింపవుతాయి. పెద్ద గిన్నెడు మాంసం కూరో, చిక్కటి సూపో అలాగే వదిలేస్తే పైన చల్లబడినా నడిమధ్యన గంటలతరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఆ బ్యాక్టీరియాకు కావలసిందీ అదే.

లోతు తగ్గించడం దీనికి విరుగుడు. పదార్థాన్ని 5 సెంటీమీటర్లకు మించి లోతు లేని వెడల్పాటి డబ్బాల్లోకి పంచాలి. త్వరగా కావాలంటే గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి కలుపుతూ ఉండాలి. ఆవిరి తగ్గాక మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చి, పూర్తిగా చల్లారాక బిగించాలి. వేడి వస్తువు ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న పాత మాటలో కొంత నిజం ఉంది. పెద్ద గిన్నెను పొయ్యి మీద నుంచి తెచ్చి లోపల పెడితే పక్కనున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి. లోతు తక్కువ డబ్బాలో గోరువెచ్చగా ఉన్నదాన్ని పెడితే అంత ఇబ్బంది లేదు. ‘పూర్తిగా చల్లారనీ’ అంటూ రాత్రంతా గట్టు మీద వదిలేయడం కన్నా ఇది ఎంతో మేలు.

ఇక లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే బ్యాక్టీరియా సంగతి. మిగతావాటిని ఆపే ఫ్రిజ్ చలి దీన్ని ఆపలేదు, 4 డిగ్రీల దగ్గరా పెరుగుతుంది. తిన్న వెంటనే తెలియకపోవచ్చు, కొందరిలో లక్షణాలు బయటపడటానికి 70 రోజుల దాకా పట్టవచ్చు. గర్భిణులకు, వయసు మళ్లినవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రాణాంతకం కాగలదు. వండిన మిగులు ఏదైనా 3 నుంచి 4 రోజుల్లో తినేయాలన్న నియమం వెనక ఉన్నవి ఇలాంటివే. తినేముందు నడిమధ్య కూడా 74 డిగ్రీలకు చేరేలా వేడి చేయాలి. మైక్రోవేవ్‌లో అంచులు ఉడుకుతున్నా మధ్యలో చల్లగా ఉండే చోట్లు మిగులుతాయి కాబట్టి, సగంలో ఆపి కలిపి మళ్లీ పెట్టి, తీశాక రెండు నిమిషాలు అలాగే ఉంచాలి.

4 రోజుల్లో తినలేమనుకుంటే మొదటి రోజే ఫ్రీజర్‌లోకి చేర్చాలి. సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఏదీ పెరగదు. అయితే గడ్డకట్టడంతో అన్నీ చావవు, మూడో రోజు ఫ్రీజర్‌లో పెట్టినదాన్ని కరిగించాక మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క కట్టడం తప్పు.

కోసి వాడొచ్చా

గట్టి చీజ్ ముక్క మీద చిన్న మచ్చ వస్తే దాని చుట్టూ, కిందా కనీసం రెండున్నర సెంటీమీటర్లు వదిలి కోసేసి మిగతాది వాడుకోవచ్చు. కత్తి మచ్చకు తగలకూడదు, తగిలితే బూజును లోపలికి మోసుకెళ్తుంది. క్యారెట్, క్యాబేజీ లాంటి గట్టి కూరగాయలకూ ఇదే లెక్క. తంతువులు గట్టి పదార్థంలోకి లోతుగా దిగలేవు కనుక ఈ వెసులుబాటు.

మెత్తనివాటికి, తడివాటికి ఇది వర్తించదు. బ్రెడ్, మెత్తటి చీజ్, పెరుగు, జామ్, మెత్తటి పండ్లు, వండిన అన్నం, పాస్తా, కూర, మాంసం బూజు పడితే మొత్తం పోవలసిందే. బ్రెడ్ ప్యాకెట్‌లో ఒక ముక్క మీద మచ్చ ఉంటే పక్క ముక్కలు శుభ్రంగా కనిపించినా పారేయాలి. సందుల్లోంచి తంతువులు, ప్యాకెట్ గాలిలో సిద్ధబీజాలు అప్పటికే పాకి ఉంటాయి.

ఉమ్మడి ఫ్రిజ్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. కోసి వాడుకోవాలా వద్దా అన్నది ఆ వస్తువు సొంతదారు తేల్చుకోవాల్సిన విషయం. ఇంకొకరి చీజ్ మీది మచ్చను కోసి, మళ్లీ చుట్టి అరలో పెట్టేయడం మంచి మనసుతో చేసిన పనే కావచ్చు, కానీ తినేవారికి ఆ సంగతి తెలియకుండా పోతుంది.

ఫ్రిజ్ వంతు ఎంత

పది మంది వాడే ఫ్రిజ్ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కలేదు. తెరిచిన ప్రతిసారీ లోపలి చల్లటి గాలి కిందికి జారిపోయి, వెచ్చటి, తేమతో నిండిన గాలి లోపలికి వస్తుంది. ఆ తేమే గోడల మీద, మూతల మీద నీరవుతుంది. ఇంటి ఫ్రిజ్‌కు సరిపోయే సెట్టింగ్ ఇక్కడ చాలకపోవడానికి కారణం ఇదే. బటన్ మీది 1 నుంచి 5 అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగితే చలి పెరుగుతుంది, దీన్ని తిరగేసి అర్థం చేసుకుని ‘2లో పెట్టాం, చాలా చల్లగా ఉంది’ అనుకునేవారు ఎందరో. నిజం తెలియాలంటే ఒక చిన్న ఫ్రిజ్ థర్మామీటరు చాలు. దాన్ని గ్లాసు నీళ్లలో ఉంచి మధ్య అరలో రాత్రంతా పెట్టి పొద్దున్నే తలుపు తీసిన వెంటనే చూడాలి. నీళ్లలో ఎందుకంటే గాలి వేడి క్షణానికోలా మారుతుంది, నీళ్లు ఆహారంలా నెమ్మదిగా మారుతాయి. 4 డిగ్రీలు, లేదా తక్కువ చూపించాలి. 7, 8 చూపిస్తుంటే ముందు సెట్టింగ్ మార్చాలి. మర్నాటికీ దిగకపోతే లోపల సర్దినతీరు చూడాలి. వెనక గోడలో చల్లటి గాలి వచ్చే రంధ్రాలకు డబ్బాలు అడ్డంగా పేర్చేస్తే ఒక మూల గడ్డకడుతుంది, ఇంకో మూల వెచ్చగా ఉంటుంది. మరిచిపోయిన డబ్బాలు వెనక చేరేకొద్దీ ఈ రంధ్రాలు మూసుకుపోతాయి. పాత డబ్బాలు తాము పాడవడమే కాక కొత్తవాటిని కూడా త్వరగా పాడుచేసేది ఇలాగే.

తలుపు రబ్బరును తప్పకుండా పరీక్షించాలి. ఒక కాగితం ముక్కను తలుపు మధ్య పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. సులువుగా జారివస్తే ఆ చోట గాలి దూరుతోందని అర్థం. నాలుగు పక్కలా ఇలా చూడాలి. చాలాసార్లు రబ్బరు పాడవడం కన్నా దాని మడతల్లో ఎండిన జిగురు, నల్ల బూజే కారణం, శుభ్రం చేస్తే మళ్లీ పడుతుంది.

తలుపులోని అరలు అన్నింటికన్నా వెచ్చటి చోటు. సాస్, జామ్ అక్కడ ఉండొచ్చు. వండినవి, పాలు లోపలి అరల్లోనే పెట్టాలి.

డబ్బా మీది చీటీ

నియమాల కాగితం అంటించిన ఫ్రిజ్‌లు చాలానే ఉంటాయి. ‘దయచేసి ఫ్రిజ్ శుభ్రంగా ఉంచండి’ అన్న కాగితం వల్ల ఏమీ మారదు, ఎందుకంటే అది ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలో చెప్పదు. 1968లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లాటానే చేసిన ప్రయోగం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగ్గది. ఇంటర్‌కమ్‌లో అవతలి మనిషికి మూర్ఛ వస్తున్నట్టు వినిపించారు. తానొక్కరే వింటున్నాననుకున్నవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 శాతం మందే లేచారు. మనుషులు చెడ్డవారై కాదు, బాధ్యత ఐదుగురి మధ్య పలచబడిపోయి. ప్రాణం మీదికొచ్చినట్టు వినిపించినప్పుడే ఇలా ఉంటే, వెనక మూల డబ్బా కోసం ఎవరో ఒకరు కదులుతారని ఆశించడం అన్యాయం. పని ఒక పేరు మీద ఉండాలి.

చీటీకి కావలసింది కాగితపు టేపు, చెరగని మార్కర్ పెన్. రెండింటినీ ఫ్రిజ్ పక్కన దారంతో కట్టేయాలి. పెన్ను కోసం ఇంకో గదికి వెళ్లాల్సివస్తే ఎవరూ రాయరు. టేపును డబ్బా పక్కకు అంటించాలి, మూతకు వద్దు. కడిగాక మూతలు తారుమారవుతాయి, పాత తేదీ ఇంకో డబ్బా మీదికి వెళ్తుంది. అంటించే ముందు డబ్బా పొడిగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాకు తేమ పడుతుంది కాబట్టి తర్వాత అంటిస్తే నిలవదు.

ఏం రాయాలన్నదే అసలు కీలకం. చాలాచోట్ల పేరు, పెట్టిన తేదీ రాస్తారు. అది మంచిదే గానీ చాలదు. పెట్టిన తేదీ చూసిన మనిషి మళ్లీ లెక్క కట్టాలి, ఇది ఎన్ని రోజులు ఉంటుందో ఊహించాలి, ఆ ఊహ మీద ఇంకొకరి ఆహారాన్ని పారేసే సాహసం చేయాలి. దానికి బదులు ‘తీసేయాల్సిన రోజు’ రాస్తే ఆ నిర్ణయం అన్నీ తెలిసిన మనిషే, అంటే వండినవారే, ముందుగా తీసుకున్నట్టవుతుంది. సోమవారం రాత్రి వండినది మంగళవారం పొద్దున ఆఫీసు ఫ్రిజ్‌లో పెడితే లెక్క సోమవారం నుంచే మొదలవ్వాలి, చీటీ మీద గురువారం అని ఉండాలి. చూసినవారికి అనుమానానికి తావు లేదు, శుక్రవారం ఆ డబ్బాను ఎవరైనా తీసేయవచ్చు. సాస్, పాలు లాంటి ఉమ్మడి వస్తువుల మీద సీల్ తీసిన తేదీ రాయాలి. ప్యాకెట్ మీద అచ్చయిన గడువు సాధారణంగా తెరవని ప్యాకెట్‌కే వర్తిస్తుంది.

చీటీ లేని డబ్బా సంగతేమిటి? వారానికి ఒక రోజు, ఒక గంట ఖాయం చేసి, ఆ గంటకు చీటీ లేనివి, రోజు దాటినవి అన్నీ తీసేయడం తప్ప దారి లేదు. ముందురోజు ఒకసారి అందరికీ గుర్తుచేయాలి. తీసే పని వంతులవారీగా పేరు పెట్టి అప్పగించాలి. డబ్బా కూడా పోతుందా అన్నది ముందే తేల్చుకోవాలి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. బూజు పట్టినదాన్ని డబ్బాతో సహా పారేయడం న్యాయం. ఇంకొకరి బూజు డబ్బాను తెరిచి కడగమనడం వంతు మనిషి మీద పెట్టకూడని భారం. బూజు లేక రోజు మాత్రం దాటినదైతే లోపలిది పారేసి, డబ్బాను కడిగి గట్టు మీద పెట్టొచ్చు.

ఉమ్మడి చెరువులు, అడవులు, సాగునీటి కాలువల్ని ఊళ్లవాళ్లు ఎలా కాపాడుకుంటారో దశాబ్దాలు పరిశీలించి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గుర్తించిన సంగతులు ఫ్రిజ్‌కూ అతుకుతాయి. ఎవరు వాడొచ్చో స్పష్టంగా ఉండటం, వాడేవాళ్లే నియమాలు పెట్టుకోవడం, నిఘా వాళ్ల చేతుల్లోనే ఉండటం, తప్పితే మొదట చిన్న దండనతో మొదలుపెట్టడం. పై నుంచి వచ్చిన సర్క్యులర్ కన్నా, అందరూ కూర్చుని పావుగంటలో రాసుకున్న నాలుగు వాక్యాలు ఎక్కువకాలం నిలుస్తాయి.

తీసేటప్పుడు, కడిగేటప్పుడు

బూజు డబ్బాను తెరవకూడదు. చెత్త సంచిని ఫ్రిజ్ దాకా తెచ్చి, డబ్బాను అర మీదే మెల్లగా సంచిలోకి దించి, సంచిలోని గాలిని ముఖం మీదికి నొక్కకుండా మూతి కట్టి, నేరుగా బయటి చెత్తడబ్బాకు తీసుకెళ్లాలి. వంటగది బుట్టలో వేస్తే సిద్ధబీజాల్ని ఒక గదిలోంచి తీసి అదే గదిలో పెట్టినట్టే. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్క్ ఉండాలి. ఉబ్బసం, బూజు అలర్జీ ఉన్నవారికి ఈ వంతు వేయకూడదు, వారికి చీటీల తనిఖీ అప్పగించవచ్చు.

ఎక్కడైనా కారిందేమో చూసి అప్పుడే తుడవాలి. కొన్ని నెలలకోసారి పూర్తిగా కడగాలి. స్విచ్ ఆపి, లోపలివి ఐస్ పెట్టిన పెట్టెలోకి మార్చి, అరలు బయటికి తీసి గది వేడికి వచ్చేదాకా ఆగాలి. చల్లటి గాజు అర మీద వేడినీళ్లు పోస్తే పగిలిపోయే ప్రమాదం ఉంది. లీటరు నీటికి ఒక టేబుల్ స్పూన్ బేకింగ్ సోడా కలిపి గోడలు, అరలు తుడిచి, మామూలు నీళ్ల గుడ్డతో మళ్లీ తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఈ ఆఖరి పని వదిలేస్తే మిగతాదంతా వృథా, తడి మిగిలిన చోట బూజు మళ్లీ వస్తుంది. రబ్బరు మడతల్లోని నల్ల బూజుకు సోడా చాలదు. లీటరు నీటికి 3 టీస్పూన్ల బ్లీచ్ కలిపి, పాత టూత్‌బ్రష్‌తో మడత విప్పుతూ రుద్ది, నీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ, అమోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎన్నడూ కలపకూడదు, ఊపిరితిత్తులకు హాని చేసే విషవాయువులు వస్తాయి.

వెనక గోడ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మంచు కరిగిన నీరు దాని గుండా కంప్రెసర్ దగ్గరి పళ్లెంలోకి దిగి ఆవిరైపోతుంది. మెతుకులు, ఆకు తునకలు పడి ఇది మూసుకుపోతే నీరు కూరగాయల ట్రే కింద నిలుస్తుంది. అంతా కడిగినా వారానికే మురుగు వాసన వస్తోందంటే ముందు చూడాల్సింది ఆ ట్రే కింద. సూది లేని సిరంజితో గోరువెచ్చటి సోడా నీళ్లు రెండు మూడుసార్లు ఎక్కిస్తే చాలావరకు తెరుచుకుంటుంది. వాసన కోసం అరలో తెరిచి పెట్టే బేకింగ్ సోడా వాసనను కొంత పీల్చుకుంటుంది గానీ బూజును ఆపదు. పైగా ఎక్కడో ఏదో పాడవుతోందని చెప్పే గుర్తును అణిచేస్తుంది కాబట్టి, కారణం కనిపెట్టి తీసేశాకే అది పెట్టాలి.

కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచినంతసేపు ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. అది దాటితే వండినవి, పాలు, మాంసం పారేయాలి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు తట్టుకుంటుంది. ఉమ్మడి చోట కరెంటు ఎప్పుడు పోయిందో తర్వాత వచ్చినవారికి తెలియదు కనుక, పోయిన సమయం, వచ్చిన సమయం తలుపు మీద రాసిపెట్టాలి.

సెలవులకు అందరూ వెళ్లిపోతూ ఫ్రిజ్ ఆపేసేటప్పుడు జరిగే పొరపాటు ఇంకోటి ఉంది. ఖాళీ చేసి, కడిగి, స్విచ్ ఆపి తలుపు మూసేస్తారు. లోపలి తేమకు బయటికి దారి ఉండదు, తిరిగొచ్చేసరికి గోడలన్నీ నల్లటి చుక్కలు. ఆపేసిన ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా మధ్యలో మందంగా మడిచిన తువ్వాలు పెట్టి, పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉండే చోటైతే తలుపు అంతకన్నా తెరుచుకోకుండా బయటి నుంచి పట్టీతో కట్టి వెళ్లాలి.